పై మట్టం, దిగువ మట్టం

రోజు 1. పై మట్టం 126. దిగువ మట్టం 102.

ఇది నీళ్ళ పుస్తకం. ఇందులో నీళ్ళ సంగతి తప్ప ఇంకోటి రాయకూడదని మొదటి పేజీలోనే అచ్చేసి ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ నుంచి భూలోకం అనే నేను ఈ పదిహేడో లాకు దగ్గర పొద్దున్నే రెండు గేజీలు చూసి రెండు అంకెలు వేస్తున్నాను. తలుపుకి ఎగువన ఎంత నీరుందో అది పై మట్టం. తలుపు దాటాక ఎంతుందో అది దిగువ మట్టం. ఇంకో ముక్క రాసిన పాపాన పోలేదు. ఇవాళ రాస్తాను. ఎవరికి కోపం వస్తుందో రానివ్వండి! పైన వేసిన రెండు అంకెలూ కాలవవి కావు, నా కూతురు పల్లాలమ్మవి.

పల్లాలుకి ముప్ఫై నాలుగేళ్ళు. పుట్టినప్పటి నుంచీ దాని పాదాలు చల్లనే. గట్టు మీద నాలుగు బారలు గబగబా నడిస్తే పిక్కలు పట్టేసేవి. తలనొప్పి సరేసరి. అయినా నెత్తురు పోటు కొలిచే ఎడం చేతి కంకణం ఎప్పుడూ పచ్చగానే వెలిగేది, పోటు పెరిగితే కదా అది ఎర్రబడేది. పచ్చగా ఉన్నవాళ్ళని, లాకు లాకుకీ తిరిగి తనే మాట్లాడి తనే వైద్యం చేసే వైద్యపడవ లోపలికి రానివ్వదు. వాళ్ళమ్మ రామాయమ్మ బతికున్నన్నాళ్ళూ "దీనికేదో ఉంది, దీనికేదో ఉంది" అని కొట్టుకునేది. ఆవిడ పాతకాలం నర్సమ్మ. రోడ్లు మునగక ముందు చదివిన చదువు. ఆవిడ మాట నేనూ వినలేదు.

ఈ ఏడు వచ్చిన కొత్త పడవలో పాదాల పలక ఒకటి పెట్టారు. లాకు జనం నలభై మందిమీ వరసగా దాని మీద నిలబడ్డాం. మా అమ్మాయి నిలబడగానే పడవ గొంతు ఆగిపోయింది. "ఈ పాదాలకు నాడి అందుటలేదు" అంది. ఆ గొంతు ఎప్పుడూ అచ్చు పుస్తకంలోలాగే మాట్లాడుతుంది.

గుండె లోంచి వచ్చే పెద్ద నాళం ఎడం చేతికి కొమ్మ వేసి కిందికి తిరుగుతుందట. సరిగ్గా ఆ తిరిగే చోట పుట్టుకతోనే ఇరుకు. రబ్బరు గొట్టాన్ని దారంతో బిగించి కట్టినట్టు బొమ్మలో చూపించింది. పైనేమో పోటు, కిందేమో ఎద్దడి. అరె, ఇది మా లాకే కదా! మూసిన తలుపు! నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

కత్తి పెట్టలేదు, ఎముక కోయలేదు. గజ్జ దగ్గర కందిగింజంత కన్నం. అందులోంచి తీగ. తీగ మీద చిన్న బుడగ. బుడగ చుట్టూ జాలీ గొట్టం. ఇరుకు దగ్గరికి పోయి బుడగ ఊదితే జాలీ విచ్చుకుని అక్కడే నిలబడిపోయింది. అమ్మాయి తెలివిగానే ఉంది. నేను గాజు ఇవతల నిలబడితే, "నాన్నా, ఏడుస్తావేంటి, అద్దం మసకేసిపోతోంది, కనపడట్లేదు నువ్వు" అంది. ముప్ఫై అయిదు నిమిషాలు. నేను టీ తాగి గ్లాసు కడిగేలోపు అయిపోయింది!

అవగానే పాదం పట్టుకు చూశాను. వెచ్చగా ఉంది. నా తల్లి పాదం వెచ్చగా ఉంది.

గొంతు ఒకటి చెప్పింది. "సగమే విప్పితిమి. చిరకాలముగా ఇరుకైన నాళమును ఒక్కసారిగా సాగదీయరాదు. మిగిలినది నలుబది దినముల తరువాత." దానికి దణ్ణం పెట్టాను. ఏళ్ళ తరబడి మూసున్న తలుపుని మేమూ ఒక్కసారి ఎత్తం. దిగువ గట్లు తెగిపోతాయి. చక్రం పళ్ళలో రోజుకి ఒక్క పన్నే ఎత్తుతాం.

ఇక నుంచి దాని మట్టాలు కూడా ఇక్కడే రాస్తాను. పై మట్టం కంకణం చెప్పేది. దిగువ మట్టం రామాయమ్మ పాత బీపీ మిషను పాదం పైన కట్టి నేను చూసేది. చెవిలో పెట్టుకుని ఎలా వినాలో ఆవిడ ఎప్పుడో నేర్పింది. జాలీ పెట్టక ముందు దిగువ 74. ఇవాళ 102!

రోజు 4. పై 122. దిగువ 110.

పడవ వెళ్ళిపోయింది. మాత్రల పెట్టె ఒకటి వదిలింది. పల్లాలు కంకణం దాని ముందు పెడితే, ఆ అంకె చూసుకుని రోజుకి ఎన్ని కావాలో అన్ని మాత్రలు రాలుస్తుంది. మొన్న మూడు. ఇవాళ రెండు.

అమ్మాయి గట్టు చివరిదాకా నడిచి వచ్చింది. పిక్క పట్టలేదు. నా బావమరిది అబ్బులు తెడ్డు చెక్కుకుంటూ కూర్చున్నాడు. "ఏమే, ఇన్నాళ్ళూ నొప్పి అని నటించి పనంతా మా చేత చేయించావు, ఇక నీ ఆటలు సాగవు" అన్నాడు.

"నేను నీళ్ళలో దిగి గుల్లలు గీకుతుంటే పైన కూర్చుని బీడీ కాల్చింది ఎవరు మావయ్యా?" అంది ఇది.

మా అమ్మాయిది మునక పని. లాకు తలుపు దిగే గాడిలో గుల్లలు పేరుకుంటాయి, గుర్రపుడెక్క వేళ్ళు చుట్టుకుంటాయి. ఊపిరి బిగబట్టి దిగి ఉలితో గీకాలి. గీకకపోతే తలుపు అడుగుకి దిగదు. వరదప్పుడు తలుపు అడుగుకి దిగకపోతే మా నలభై మందీ లేరు. ఆ పని ఇక్కడ ఇద్దరికే వచ్చేది. ఆ రెండోవాడు దాలయ్య పోయిన వరదకి దిగి శవమై తేలాడు. పైకి లాగేసరికి ముక్కులోంచి రక్తం. కంకణం మాత్రం ఇంకా పచ్చగానే ఉంది. నీళ్ళు మింగాడన్నారు.

సంతోషం రాద్దామని కూర్చుని ఇదెందుకు రాశానో.

రోజు 9. పై 120. దిగువ 118.

దాదాపు సమానం! పై మట్టం, దిగువ మట్టం దాదాపు సమానం! లాకు పూర్తిగా తెరిచి పడవలు బారులు తీరి పోయే రోజున కూడా నేనింత చక్కటి అంకెలు వేయలేదు. రెండు అంకెల చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టాను. తనిఖీ వాళ్ళు చూస్తే చూడనీ, ఇరవయ్యేళ్ళుగా ఈ పుస్తకం తెరిచిన వాడు లేడు.

మాత్ర ఒకటే రాలింది.

రోజు 12. పై 118. దిగువ 126.

ఇవాళ మాట పెట్టె మోగింది. లాకు గదిలో గోడకి ఉంటుంది, పడవతో మాట్లాడేది. నేను పరిగెత్తి వెళ్ళాను.

"పదునేడవ లాకు, పల్లాలమ్మ. పండ్రెండు దినములుగా పీడనము సక్రమముగా ఉన్నది. రెండవ విడత విప్పుట అవసరము లేదు. రద్దు చేయబడినది. మందులు నిలుపబడినవి. మునక పనికి అర్హురాలు."

"అవసరమే లేదంటారా అండీ?"

"లేదు."

ఆయ్! నేను ఎగిరి గంతేశాను. అరవై తొమ్మిదేళ్ళ వాడిని, మోకాలు కలుక్కుమంది, అయినా గంతేశాను. ఇంట్లో ఉన్న బెల్లం అంతా దింపి నూకరత్నం అక్క చేత బూరెలు వండించాను. నలభై మందికీ తలా రెండు. అబ్బులు నాలుగు తిన్నాడు. "బావా, ఏడాదికోసారి నీ కూతురికి జబ్బు చేసి తగ్గితే బాగుండును" అన్నాడు. వాడి నోరు పడ.

అమ్మాయి బూరె సగం కొరికి పక్కన పెట్టింది. చెవుల్లో హోరు అంది. నీళ్ళు తలుపు సందులోంచి దూకే చప్పుడులాగుందట. ఇన్నేళ్ళు లాకు పక్కనే పడుకున్నదానికి ఇంకేం వినపడుతుంది?

రోజు 17. పై 116. దిగువ 138.

ఎగువ నుంచి కబురొచ్చింది. వరద ఒకటో లాకు దాటింది. మా దగ్గరికి ఏడు రోజుల్లో వస్తుంది. ఇరవై నాలుగో రోజుకి గాడి శుభ్రం కావాలి. పల్లాలు ఉలి నూరుకుంటోంది. నూరుతుంటే టప్పున ఒక చుక్క రాయి మీద పడింది. ముక్కులోంచి. తల వెనక్కి వంచి, "వేడి చేసింది నాన్నా, నీ బూరెల వేడి" అని నవ్వింది.

మాత్రల పెట్టె ముందు కంకణం పెట్టాం. పెట్టె పచ్చగా వెలిగింది. ఏమీ రాలలేదు. మంచిదేగా, మాత్ర అక్కర్లేదంటే మంచిదే. పాదాలు ఎంత వెచ్చగా ఉన్నాయో! దిగువ మట్టం ఎంత బాగా పెరుగుతోందో!

రోజు 21. పై 114. దిగువ 150.

ఇవాళ పొద్దున ఈ రెండు అంకెలూ వేసి పెన్సిల్ చెవి మీద పెట్టుకున్నాను. లేచి గుమ్మం దాటాను. దాటిన వాడిని అక్కడే నిలబడిపోయాను.

ఎగువ 114. దిగువ 150.

దిగువ నీళ్ళు ఎగువ కంటే ఎత్తుగా ఉన్నాయని కాలవ పని చేసే ఏ కుర్ర లస్కరైనా వచ్చి నాతో చెబితే నేనేం చేస్తాను? చెంప మీద ఒకటి ఇచ్చి, "నీళ్ళు తప్పు చెప్పవురా, పై గేజీ గొట్టంలో పూడిక పట్టింది, పోయి తీయి" అంటాను. ముప్ఫై ఎనిమిదేళ్ళలో నాలుగుసార్లు జరిగింది. కాలవ నిండా నీళ్ళుంటాయి, గేజీకి పోయే సన్న గొట్టం నోరు మూసుకుపోయి ఉంటుంది. గేజీ తక్కువ చూపిస్తుంది. గేజీ చూసి తలుపు వేసే వాడు చస్తాడు.

తొమ్మిది రోజుల నుంచి నేనే ఆ అంకెలు వేస్తున్నాను. వేసి మురిసిపోతున్నాను.

గొట్టం అంటే ఎడం చెయ్యి. బొమ్మలో చూపించిందిగా, ఎడం చేతి కొమ్మ సరిగ్గా ఇరుకు దగ్గరే ఉంది. జాలీ గొట్టం ఆ కొమ్మ నోటికి అడ్డం పడి ఉంటుంది. అసలు మొదటి నుంచీ ఆ నోరు ఇరుకే అయి ఉంటుంది, అందుకే ముప్ఫై నాలుగేళ్ళూ కంకణం పచ్చగా వెలిగింది. మేం లాకు వాళ్ళం. తలుపెత్తే చేతి చక్రం ఆడే రోజుల్లో దానికి కుడి చెయ్యి కావాల్సొచ్చేది, చక్రం ఆకుల మధ్య పడితే కంకణం నుజ్జయ్యేది. అందుకని అయిదో ఏట కంకణం ఎడం చేతికే కడతాం, పాట పాడి కడతాం. ఎవరూ ఎప్పుడూ కుడి చెయ్యి చూడలేదు.

బీపీ మిషను పట్టుకుని పరిగెత్తాను. పల్లాలు గాడి దగ్గర నడుముకి తాడు కట్టుకుంటోంది.

"చెయ్యి ఇయ్యి."

"ఉండు నాన్నా, నీళ్ళు తేటగా ఉన్నాయి, ఒక మునక వేసి..."

"ఇయ్యవే! అది కాదు. కుడిది."

రెండుసార్లు చూశాను. మూడోసారి అబ్బులు చేత చెవిలో పెట్టించి వినిపించాను. వాడు కూడా అదే అంకె చెప్పాడు.

కుడి 194.

అమ్మాయి నా మొహం చూసింది. "దాలయ్య చిన్నాన్నకి కూడా ఎప్పుడూ తలనొప్పే" అంది మెల్లగా. 

మాట పెట్టె దగ్గర జరిగింది జరిగినట్టు రాస్తాను.

"మా అమ్మాయి కుడి చేతి పోటు నూట తొంభై నాలుగండీ."

"కంకణము నూట పదునాలుగు చూపుచున్నది."

"కంకణం ఎడం చేతికుందండీ. అది పూడిపోయిన గొట్టం. కుడి చెయ్యి చూడండి బాబూ."

"కంకణమును కుడి చేతికి మార్చుట నిషిద్ధము. మార్చిన అంకె చెల్లదు."

అయినా మార్చాను. కుడి మణికట్టుకి పెట్టగానే ఎర్రగా మండింది. నిమిషం తిరక్కుండా ఆరిపోయింది. "తప్పుగా ధరించితిరి" అంది గొంతు. మళ్ళీ ఎడమకి పెడితే పచ్చ. 

"పడవ ఎక్కడుందండీ?"

"నలుబదవ లాకు వద్ద."

"వెనక్కి తిప్పండి. ఒక్క మనిషి కోసం తిప్పండి."

"ఒక లాకు వద్ద ఒకే దినమున అయిదు ఎర్ర కంకణములున్నచో తప్ప పడవ వెనుకకు రాదు."

ముసలాడినని ఊరికే ఏడవలేదు నేను. అయిదు అన్న మాట పట్టుకున్నాను.

రోజు 22. ఎడమ 114. కుడి 198. దిగువ 152.

పొద్దున్నే నలభై మందినీ లాకు మీదికి పిలిచాను. నాకు మాటలు రావు. "నా కూతురు చచ్చిపోతుంది, అయిదుగురు ఎర్రబడాలి" అన్నాను అంతే. మిగతాది అబ్బులు చెప్పాడు.

నూట ఎనభై దాటగానే కంకణం ఎర్రబడుతుంది, రెండు నిమిషాలు అలాగే నిలిస్తే పడవ లెక్కలోకి వస్తుంది. మరి ఎలా దాటించడం? పాత చేతి చక్రం ఉంది. మోటార్లు వచ్చాక దాన్ని తిప్పిన వాడు లేడు. ఎనిమిది ఆకులు, ఆకుకో మనిషి. తలుపు కిందికి అడ్డు దుంగ పెట్టాం, ఎంత తోసినా కదలకుండా. కదలని దాన్ని ఊపిరి బిగబట్టి తోస్తే పోటు నెత్తికెక్కుతుంది. రామాయమ్మ నన్ను ఎన్నిసార్లు తిట్టిందో దానికి.

పల్లాలు కూడా ఆకు పట్టుకోబోయింది. నూకరత్నం అక్క దాని జుట్టు పట్టుకుని వెనక్కి లాగి, "నువ్వు తోస్తే మాకు పడవ ఎందుకే, మోయడానికి నలుగురు మనుషులు చాలు" అంది.  అక్కకి అదేం మాటో తరవాత తెలిసి నోరు మూసుకుంది.

తోశాం. మొదటి ఎర్ర కంకణం నాదే. గర్వంగా చెయ్యి ఎత్తి చూపించాను. తరవాత అక్క కొడుకులు ఇద్దరూ. తరవాత చాలాసేపటికి వడ్రంగి కొండయ్య. నాలుగు. ఇంకొకటి కావాలి. ఆకులు మార్చాం, మనుషుల్ని మార్చాం. ఎండ ఎక్కింది. ఒకామె కళ్ళు తిరిగి కూలబడింది. ఇవాళ దాటితే ఆ నాలుగూ చెల్లవని భయం.

అబ్బులు కంకణం చూస్తే చల్లగా, పచ్చగా, లేత అరిటాకులా ఉంది.

"ఒరే, తొయ్యరా!"

"తోస్తున్నాను బావా! నా గుండె నాలాగే బద్ధకం!"

వాడి పక్క ఆకు నాది. వాడి చెవిలో చెప్పాను. ముప్ఫై ఏళ్ళుగా చెప్పనిది. "అంబటిపూడి పడవ పందెంలో నీ తెడ్డు విరగలేదురా. భయపడి నువ్వే వదిలేశావు. నేను చూశాను. మీ అన్న ఆ సుడిలో పోయాడు. విరిగిందని మీ అమ్మకి చెప్పావు. నేను నోరు మూసుకున్నాను."

వాడు నా వైపు తిరిగిన చూపు నేను పోయేదాకా మర్చిపోను.  మెడ నరాలు తాళ్ళలా లేచాయి. నన్ను కొట్టలేదు. చక్రాన్ని తోశాడు. అడ్డు దుంగ కిర్రుమంది.

వాడి కంకణం ఎర్రబడింది.

మాట పెట్టె మోగింది. "పదునేడవ లాకు. అయిదు. పడవ మరలుచున్నది."

అందరూ అరిచారు, నవ్వారు, కింద కూలబడ్డారు. అబ్బులు లేచి వెళ్ళిపోయాడు.

రోజు 23. ఎడమ 112. కుడి 206. దిగువ చూడలేదు.

మధ్యాహ్నం రెండింటికి పడవ వచ్చింది. పల్లాలు చాప మీద పడుకుని ఉంది. కుడి కన్ను తెల్లగుడ్డులో ఎర్ర చుక్క. మధ్యమధ్యలో "నాన్నా, నీళ్ళు పెరిగాయా?" అంటోంది. వరద మాట అడుగుతోంది. పెరిగాయని చెప్పలేదు.

"నిన్న ఎర్రబడిన కంకణముల వారు వరుసగా రండి" అంది గొంతు. మొదటి వంతు నాది. నేను మెట్టు మీద నిలబడి, "నా వంతు ఈమెకి ఇస్తున్నాను" అన్నాను. వంతు ఇచ్చుకోవచ్చు, అది పడవ నియమాల్లోనే ఉంది.

"ఆమె కంకణము పచ్చగా ఉన్నది."

"వంతు నాది. నా ఇష్టం."

  తరవాత తలుపు తెరుచుకుంది.

ఈసారి గజ్జ దగ్గర ఒక తీగ, కుడి మణికట్టు దగ్గర ఒక తీగ. లోపలికి పోయిన తీగ తనే స్వయంగా కొలుస్తుందిగా. గాజు మీద అంకె వెలిగింది. 209. గొంతు మాట్లాడే తీరు మారలేదు గానీ మాట మారింది. "ఎడమ కొమ్మ మూయబడినది. ఇరుకు మిగిలియున్నది. నాళము గోడ ఉబ్బుచున్నది. ఇంకను రెండు దినములు..." అని, అక్కడ ఆపేసి పనిలో పడింది.

నలభై నిమిషాలు. పాత జాలీ లోపల ఇంకో జాలీ, గుడ్డ తొడిగినది, ఉబ్బిన చోటుకి. దాని పక్కలో చిన్న కన్నం, ఎడం చేతికి దారి. ఈసారి నేను టీ తాగలేదు. గాజు మీద నా ఊపిరికి మసకేస్తే తుడుచుకుంటూ నిలబడ్డాను.

రోజు 24. ఎడమ 134. కుడి 138. దిగువ 136.

చూడండి! ఎవరైనా ఈ పుస్తకం తెరిస్తే ఈ ఒక్క వరస చూడండి! మూడూ మూడే!

పొద్దున వరద వచ్చింది. గాడిలోకి ఎవరూ దిగలేదు. పొడుగు గెడలకి ఉలులు కట్టి పైనుంచే గీకాం. తలుపు అడుగుకి జానెడు దూరంలో ఆగిపోయింది. ఆ సందులోంచి ఎర్రనీళ్ళు దూకి దిగువ కొట్లు రెండు కొట్టుకుపోయాయి, మనుషులు పోలేదు. గింజలు పోతే పోనీ.

పల్లాలు పడక మీద నుంచే, "ఆ చప్పుడు తలుపుదేనా నాన్నా? నా చెవిలోది కాదుగా?" అని అడిగింది. తలుపుదేనమ్మా. ఇప్పుడు అందరికీ వినపడుతోంది.

నీళ్ళ పుస్తకంలో రెండే గడులు అచ్చేసి ఉంటాయి. పెన్సిల్‌తో ఇంకో గీత గీశాను. పైన "కుడి" అని రాశాను.

పడవ తను వదిలొచ్చిన నలభయ్యో లాకు దగ్గరికే తిన్నగా పోతానంది, దారిలో ఎక్కడా ఆగదట. పోయేముందు అడిగాను, "మిగతా లాకుల్లో కూడా కుడి చేతులు చూస్తారా అండీ?"

"నియమము మార్చుటకు పడవకు అధికారము లేదు."

ఈ కాలవ మీద రెండువందల పన్నెండు లాకులు. అందరిదీ ఎడం చెయ్యే.

రోజు 26. ఎడమ 132. కుడి 134. దిగువ 134.

మొన్నటి నుంచీ ధాన్యం పడవలు దిగువకి పోతుంటే ఒక్కోదాని పక్కన సున్నంతో రాశాను. "తలనొప్పి, చల్లటి పాదాలు, పచ్చ కంకణం ఉంటే కుడి చెయ్యి చూడండి. భూలోకం, 17వ లాకు." కంకణం క్షణం పాటు అటు మార్చి చూసినా తెలుస్తుంది, ఆరిపోయేలోపు మండుతుంది అని కూడా రాశాను. పల్లాలు కుర్చీలో కూర్చుని నా అక్షరాలు వంకరగా ఉన్నాయని తగువేసుకుంది.

ఇవాళ పొద్దున దిగువ నుంచి తిరిగొచ్చిన మొదటి పడవ పక్కన జవాబు ఉంది.

"23వ లాకు. ఆడమనిషి, 29 ఏళ్ళు, నాలుగో నెల. మండింది. పడవ నిన్న మమ్మల్ని దాటిపోయింది. మా చక్రం తుప్పు పట్టి ఉంది, ఆకులు మూడే ఉన్నాయి."

దాని వెనక పడవ మీద 31వ లాకు. దాని వెనక దాని మీద మాటల్లేవు, లాకు నంబరు పక్కన నాలుగు నిలువు గీతలు. నలుగురట.

నేను అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. ఎంతసేపు కూర్చున్నానో, వెనక అడుగుల చప్పుడైంది. అబ్బులు. నాలుగు రోజుల తరవాత. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఒక చేతిలో ఆముదం డబ్బా, ఒక భుజం మీద మా చక్రం విడి ఆకులు అయిదు, కట్టగా కట్టి.

"ఆ మాట నిజమే బావా" అన్నాడు. "తెడ్డు విరగలేదు."

"నాకు తెలుసురా."

"లే మరి. తెడ్డు నేనేస్తాను."

నా బీపీ మిషను మూట కట్టుకున్నాను. నూకరత్నం అక్క కొడుకులు పడవ దింపుతున్నారు. పెన్సిల్ పల్లాలు చేతిలో పెట్టాను. కుడి చేతిలో. నేను వచ్చేదాకా అదే రాస్తుంది, మూడు గడులూ.